కోజిమో ఒడిలో తెల్లగుడ్డ

ఆ ఏడు ఆలివ్ విరగకాసింది. కొమ్మలు నేలను తాకుతుంటే, గడకర్రతో ఒక్క దెబ్బ వేస్తే చాలు, కాయలు వడగళ్ళలా వలల మీద రాలిపడేవి. ఓడ దిగి ఈ కొండమీది ఊరికి వచ్చాక అది మాకు రెండో చలికాలం. మొదటి చలికాలంలో మాతోపాటు ఓడ దిగిన కుర్దులతో ఊరు నిండిపోయింది. ఈ ఊరి జనం ఎప్పుడో దూరదేశాలకు వెళ్ళిపోగా సగం ఇళ్ళు తాళాలు పడి ఉండేవి. ఆ తాళాలే తీసి మాకు ఇళ్ళు ఇచ్చారు. రెండో చలికాలం వచ్చేసరికి మావాళ్ళంతా ఒకరి వెనక ఒకరు జర్మనీ దారి పట్టారు. మిగిలింది మా ఒక్క ఇల్లు. మా ఆయన ఖిదిర్ కదలనన్నాడు.

"మనూరు తగలబెట్టారు, పొమ్మన్నారు, వచ్చాం. మళ్ళీ ఇంకో ఊరా? ఇక్కడ కొండుంది, మేకలున్నాయి, ముసలాళ్ళు గుమ్మంలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళని తిడుతున్నారు. మన ఊరికీ దీనికీ తేడా ఏముంది పెరీఖాన్?" అన్నాడు నాతో.

తేడా ఏముందో చెప్పడానికి నాకు భాష రాదు కనక నేనూ ఊరుకున్నాను. మా ఇంటికంతటికీ ఆ భాష వచ్చింది మా అమ్మాయి రౌషెన్‌కే. దానికి పందొమ్మిదేళ్ళు. ఓడలో ఏడుస్తూ వచ్చిన పిల్ల, ఏడాది తిరక్కుండానే ఈ ఊరివాళ్ళతో సమానంగా తిట్టడం నేర్చింది. కొట్టుకు వెళ్ళినా, డాక్టరు దగ్గరికి వెళ్ళినా మా నోరూ చెవీ అదే. ఏడేళ్ళ మీరాన్ కూడా బడిలో నేర్చుకుంటున్నాడు గానీ, వాడు ఇంట్లో చెప్పేవన్నీ సగం అబద్ధాలు.

మాకు పని ఇచ్చినవాడు కోజిమో. కొండవాలులో అతనికి పెద్ద ఆలివ్ తోట ఉంది. మనిషి మోటు, గొంతు ఇంకా మోటు, గుండె మాత్రం వెన్నముద్ద. మొదటి చలికాలంలో మీరాన్‌కు జ్వరం వచ్చి ఒళ్ళు కాలిపోతుంటే, వానకు దారి విరిగిపడి బండి కదలని రోజున, వాణ్ణి వీపున కట్టుకుని కొండ దిగి సముద్రం ఒడ్డున ఉన్న డాక్టరు దగ్గరికి చేర్చినవాడు అతనే. అప్పటికి మా పేర్లు కూడా అతనికి తెలియవు. అతని భార్య ఇమ్మకొలాతా మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు, నా గడ్డం మీది పచ్చబొట్టు చుక్కల్ని చూసి, వేలు తడి చేసుకుని వచ్చి రుద్దింది, మసి అంటుకుందనుకుని. అవి పోకపోయేసరికి సిగ్గుపడి, మర్నాడు ఒక బుట్టెడు నారింజపళ్ళు తెచ్చింది. ఆవిడకూ నాకూ స్నేహం అలా మొదలైంది.

వాళ్ళకు ఒక్కడే కొడుకు, బ్రూనో. రౌషెన్ కన్నా నాలుగేళ్ళు పెద్ద. తండ్రి అరుపులకు పడ్డ అప్పు వీడు తీరుస్తున్నట్టు, నోరు విప్పడం అరుదు.

ఆ నోరు ఆ చలికాలం తోటలో కొంచెం విప్పేవాడు. సాయంత్రం పని అయ్యాక వలలు మడవాలి. అది ఒక్కరి పని కాదు. ఇద్దరు చెరో కొస పట్టుకుని ఒకళ్ళకెదురుగా ఒకళ్ళు నడవాలి, చేతులు కలిసినచోట ఒక మడత, మళ్ళీ వెనక్కి, మళ్ళీ ఎదురుగా. రౌషెన్ ఒక కొస పడితే రెండో కొస ఎప్పుడూ బ్రూనోదే. నడుస్తూ అది వాడికి మా మాటలు నేర్పేది. నీళ్ళు, రొట్టె, అన్న, చెల్లి, ఎవరైనా ఏదైనా అందిస్తే నీ చేతులు చల్లగుండాలి అనడం. వాడు పలికితే గొంతులో గింజ అడ్డుపడినట్టుండేది. రౌషెన్ పగలబడి నవ్వేది.

"ఏమే, ఉన్న భాషలోనే నాలుగు మాటలు రాని మొద్దుకి మన భాష కూడా ఎందుకే?" అని నేను అరిచేదాన్ని చెట్టుకింద నుంచి.

"మన భాష అయితే మాట్లాడతాడేమోనని అమ్మా," అనేది.

నాకు అది ఆటగానే కనిపించింది. కళ్ళుండీ చూడలేదనడం సరికాదు, అలాంటిది ఒకటి ఉండగలదని నాకు తట్టలేదు. వాళ్ళు శిలువకు మొక్కేవాళ్ళు, మేము నమాజు చేసేవాళ్ళం. మా ఊళ్ళో మతం వేరైన పక్కింటి యజీదీలతో కలిసి తిన్నాం, కలిసి ఏడ్చాం, పిల్లనిచ్చి పుచ్చుకోవడం మాత్రం కలలో కూడా లేదు. ఇక్కడా అంతే అనుకున్నాను. గట్టు మారినా నా బుర్ర పాత గట్టునే ఉండిపోయింది.

ఒక శుక్రవారం జర్మనీలోని బ్రెమెన్ నుంచి మా బావగారు ఫోన్ చేశాడు. ఫోన్ కూడలిలోని కాఫీకొట్లో ఉండేది. మాట్లాడి ఇంటికొచ్చిన ఖిదిర్ మొహం మాడిన రొట్టెలా ఉంది. నేను పిండి కలుపుతున్నాను, రౌషెన్ పక్కన పప్పులో రాళ్ళు ఏరుతోంది.

"ఏమన్నాడు మీ అన్న?" అన్నాను.

"ఏమంటాడు, ఉన్నదే అన్నాడు. మీరాన్‌కి ఏడు నిండాయి, ఇంకా సున్తీ ఎప్పుడు చేస్తావ్, వాడి పెళ్ళిలోనా అన్నాడు. అక్కడ మనవాడొక్కడు లేడు, కిరీవ్ ఎక్కడ దొరుకుతాడు, పిల్లల్ని తీసుకుని వచ్చెయ్ అన్నాడు. కిరీవ్ లేని ఊళ్ళో కాపురం ఏంట్రా సిగ్గులేకుండా అన్నాడు."

మాలో సున్తీ చేసేటప్పుడు పిల్లాణ్ణి తల్లీ తండ్రీ పట్టుకోరు. కిరీవ్ పట్టుకుంటాడు. అతని ఒడిలో తెల్లగుడ్డ పరిచి, దాని మీద పిల్లాణ్ణి కూర్చోబెడతారు. పిల్లాడి రక్తం ఆ గుడ్డ మీద పడితే రెండు ఇళ్ళూ ఒక ఇల్లయిపోతాయి. ఆపద వస్తే ముందు కిరీవ్ తలుపు తడతాం, తోడబుట్టినవాడి తలుపు తర్వాతే. అందుకే మా బావగారి మాట ఖిదిర్‌కు అంత గట్టిగా తగిలింది. ఈ ఊళ్ళో మీకు ఎవరున్నారు అని అడిగినట్టే అది.

"ఇక వెళ్ళక తప్పదేమో," అన్నాడు గోడకేసి చూస్తూ. రెండు చలికాలాలుగా కదలనన్న మనిషి నోట ఆ మాట! మళ్ళీ మూటలు, మళ్ళీ ఇంకో భాష, మళ్ళీ నోరులేనిదానిలా ఇంకో వాకిట్లో నిలబడడం.

నోరు ఊరుకోదు కదా.

"ఎందుకు దొరకడు? కోజిమో లేడూ?" అన్నాను.

ఖిదిర్ నాకేసి పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

"ఏం చూస్తావ్? మా నాన్నకి కిరీవ్ ఎవరు? యజీదీ. పొద్దున్నే లేచి సూర్యుడికి దణ్ణం పెట్టేవాడు. అయినా మా నాన్న చచ్చేదాకా ఆయన గుమ్మం తొక్కకుండా పండగ చేసుకున్నాడా? ఎవరికి ఎలాగూ పిల్లనివ్వమో, ఎవరింటి పిల్లని ఎలాగూ తెచ్చుకోమో అలాంటివాళ్ళనే చూసి కిరీవ్ చేసుకొమ్మన్నారు పెద్దలు. చిక్కే ఉండదు. నీ కొడుకుని వీపున మోసి బతికించినవాడు, ఒడిలో కూర్చోబెట్టుకోలేడా?"

ఖిదిర్ చిన్నగా నవ్వడం మొదలుపెట్టి, తొడ చరిచి, పైకే నవ్వాడు. మా ఇల్లు తగలబడ్డాక ఆయన అలా నవ్వగా నేను చూడలేదు.

"అన్న మొహం చూడాలి పెరీ! కిరీవ్ లేడన్నాడు కదా, పదిమంది కూలీల్ని పెట్టి తోట చేయించేవాడు మన కిరీవ్ అని చెప్తే!"

రౌషెన్ పప్పు పళ్ళెం కింద పెట్టింది.

"నాన్నా, డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఒక్క నిముషంలో అయిపోతుంది. కిరీవ్ అదీ ఎందుకు ఇప్పుడు?"

"కిరీవ్ లేకుండా చేస్తే అది ఆపరేషనే తల్లీ, పండగ కాదు."

"పోనీ వేరే ఎవరినైనా అడగండి. మీరాన్ బడి మాస్టారు మంచాయన."

"ఆయన ఎర్రసిరా చూసినా కళ్ళు తిరిగి పడతాడటగా!" అన్నాడు ఖిదిర్. ఇద్దరం నవ్వాం.

రౌషెన్ కట్టెలు తెస్తానని బయటికి వెళ్ళింది. పొయ్యి పక్కన కట్టెలు నిండుగానే ఉన్నాయి. అది నేను చూశాను. చలికి భయపడి ఎక్కువ తెస్తోందనుకున్నాను. చాలాసేపటికి వచ్చింది, ఒక్క కట్టెతో.

ఆదివారం, వాళ్ళు చర్చి నుంచి వచ్చి భోంచేసే వేళకు మేమంతా కోజిమో ఇంటికి వెళ్ళాం. అడిగే పద్ధతి ఒకటుంటుంది. పళ్ళెంలో ఎర్రటి ఆపిల్ పండు, దాని పక్కన నేను అల్లిన ఉన్ని మేజోళ్ళు, పైన గుడ్డ. పళ్ళెం ఖిదిర్ పట్టుకున్నాడు. రౌషెన్ రానంది. తలనొప్పి అంది.

"నువ్వు రాకపోతే మేం అక్కడ మూగసైగలు చేయాలా? రా!" అని నేనే జబ్బ పట్టుకుని లాక్కెళ్ళాను.

ఇమ్మకొలాతా అందర్నీ బల్ల చుట్టూ కూర్చోబెట్టింది. బ్రూనో కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఖిదిర్ కూర్చోలేదు. పళ్ళెం కోజిమో ముందు పెట్టి, చేయి గుండె మీద పెట్టుకుని మాట్లాడాడు. ఒక్కో మాటా రౌషెన్ వాళ్ళ భాషలోకి తిప్పింది. సున్తీ సంగతి, ఒడి సంగతి, తెల్లగుడ్డ సంగతి. కోజిమో కళ్ళు పెద్దవి చేసుకుని విన్నాడు.

"కత్తి నేను పట్టుకోవాలా?" అని అడిగాడట ముందు.

"లేదు, పిల్లాణ్ణి పట్టుకుంటే చాలు," అంది రౌషెన్.

"అయితే సరే. కత్తి పట్టుకుంటే మా పాదిరి ఏమంటాడో అని."

"పాదిరి ఏమంటాడు, భోజనం ఎన్నింటికి అంటాడు," అంది ఇమ్మకొలాతా. అందరూ నవ్వారు.

అప్పుడు ఖిదిర్ గొంతు సవరించుకున్నాడు. ఈ మాటలు ఆయన దారంతా నోట్లో నలుపుకుంటూనే వచ్చాడు.

"చెప్పు తల్లీ. ఇవాళ్టి నుంచి మీ ఇల్లు మా ఇల్లు. నా కొడుకు మీ కొడుకు, మీ కొడుకు నా కొడుకు. నా కూతురు మీ కూతురు. మన పిల్లలు అన్నాచెల్లెళ్ళు. ఏడు తరాల దాకా మన రెండిళ్ళ మధ్య పెళ్ళి మాట ఉండదు, రక్తం ఒకటైపోతుంది కనక."

రౌషెన్ వెంటనే మొదలుపెట్టలేదు. మాట వెతుక్కుంటోందనుకున్నాను. దాని కళ్ళు ఆపిల్ పండు మీద ఉన్నాయి. తర్వాత చెప్పింది, ఒక్క ముక్క వదలకుండా. ఆ భాష నాకు రాకపోయినా, ఎన్ని మాటలు లోపలికి వెళ్ళాయో అన్ని మాటలూ బయటికి వచ్చాయని నాకు తెలిసింది. మా అమ్మాయి ఎప్పుడూ అంతే, మా మాట ఎక్కడా తగ్గించదు.

కోజిమో భార్యకేసి చూశాడు. ఇమ్మకొలాతా చేతిలోని గుడ్డతో శుభ్రంగా ఉన్న బల్లనే తుడిచింది. బ్రూనో ఏదో గొణిగి, వాకిట్లో కుక్క మొరుగుతోందన్నట్టు, తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. కుక్క మొరగలేదు.

కోజిమో లేచి, ఆపిల్ తీసుకుని, రెండు ముక్కలు చేసి, ఒకటి ఖిదిర్ చేతిలో పెట్టాడు.

"మా దగ్గరా ఇలాంటి బంధం ఉంది. కుంపారె అంటాం. దాని మీద ఒట్టు తప్పినవాడికి నిద్ర ఉండదంటాడు మా తాత. మీరు నాకు ఇంత గౌరవం ఇస్తారనుకోలేదు," అన్నాడు. మా ఆయన్ని కౌగలించుకున్నాడు. ఇద్దరు మోటుమనుషులూ కళ్ళు తుడుచుకున్నారు.

నేను చూస్తున్నది వాళ్ళని కాదు, తలుపుని. తెరిచిన తలుపులోంచి చలి లోపలికి వస్తోంది. రౌషెన్ కూడా అటే చూస్తోంది. అప్పుడు తెలిసింది నాకు. తోటలో వలలు, నవ్వులు, ఒక్క కట్టె, అన్నీ వరసగా కళ్ళముందుకొచ్చాయి.

ఇంటి వెనక ఖిదిర్ మట్టితో తందూరు కట్టాడు. మొదట్లో ఊళ్ళో ముసలివాళ్ళు వచ్చి, నేలలో గొయ్యి తీసి రొట్టె కాలుస్తున్నారేంటి పాపం అని జాలిపడ్డారు. రుచి చూశాక జాలి మానేసి, శనివారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేవారు. సున్తీ రోజుకు రొట్టెలు కావాలని రౌషెన్, నేను ఆ తందూరు దగ్గర కూర్చున్నాం. ఖిదిర్ తోటకు వెళ్ళాడు. నేను ముద్దలు చేస్తున్నాను, అది వాటిని చేతుల మీద సాగదీసి, లోపలి గోడకు చరుస్తోంది.

"నాకెందుకు చెప్పలేదే?" అన్నాను.

ఏమిటని అడగలేదు. "ఎప్పుడు చెప్పను? నువ్వు కోజిమో పేరు ఎత్తాకా, నాన్న నవ్వాకా?"

"అంతకుముందు!"

"అంతకుముందు చెప్పడానికి ఏముందమ్మా? అతను నన్ను అడగలేదు, నేను అతన్ని అడగలేదు. వలలు మడిచాం. అంతే."

"అంతే అయితే మొహం ఇలా ఎందుకుంది?"

అది రొట్టె చరిచింది. వేడికి దాని చెంపలు ఎర్రబడ్డాయి.

"ఇంకా ఏమీ కాలేదే," అన్నాను. "గుడ్డ మీద రక్తం పడేదాకా ముడి పడదు. సాయంత్రం మీ నాన్నతో చెప్తాను. అరుస్తాడు, గిన్నెలు విసురుతాడు, రెండ్రోజులు తిండి మానేస్తాడు. తర్వాత దారికొస్తాడు. కోజిమో అంటే ప్రాణం కదా, అతని కొడుకంటే మాత్రం..."

"ఏమని చెప్తావ్? ఆపిల్ కోసి చేతిలో పెట్టినవాడి దగ్గరికి వెళ్ళి, మాట వెనక్కి తీసుకున్నామని నాన్న ఎలా అంటాడు? అన్నాక ఆ తోటలో ఎలా పనిచేస్తాడు? ఈ వీధిలో ఎలా నడుస్తాడు? మూటలు కట్టి పెద్దనాన్న దగ్గరికి పోవాల్సిందే. అప్పుడు నాకు బ్రూనో ఎక్కడ మిగులుతాడు? ఎటు తిప్పినా లెక్క ఒకటే. కనీసం ఇలా అయితే నాన్న నవ్వుతాడు."

"నువ్వు?"

"నాకేం, పెద్దింట్లో ఒక అన్న దొరికాడు," అంది. నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. "నాన్నకి చెప్పకు అమ్మా. నా మీద ఒట్టు."

నేను దాని చేయి పట్టుకోవాల్సింది. నోర్ముయ్ అని కసిరి, అప్పటికప్పుడే తోటకు పరిగెత్తాల్సింది. తల్లినైనందుకు ఆ పాటి మొండితనం నాకు ఉండాల్సింది. కానీ ఆ ఒట్టు వినగానే నా లోపల ఒకటి మెల్లగా కూలబడి, హమ్మయ్య అంది. మూటలు కట్టక్కర్లేదు. ఇంట్లో అరుపులుండవు. నా మాటకు మా ఆయన ఇచ్చిన మెప్పు అలాగే ఉంటుంది. నా కూతురు తన గొంతు నులుముకుని నాకు ఊపిరి పోస్తే, నేను సుఖంగా పీల్చుకున్నాను. మిగతావన్నీ తెలియక చేసినవని నన్ను నేను సమాధానపరచుకోగలను. ఆ హమ్మయ్యకు మాత్రం ఇప్పటికీ సమాధానం లేదు.

"రొట్టె మాడుతోంది చూడు," అన్నాను. అంతే అన్నాను.

సున్తీ రోజు ఎండ కాసింది. పెద్దపట్నంలో ఎన్నో ఏళ్ళుగా ఉంటున్న సిరియా డాక్టరొకాయన సంచితో వచ్చాడు. ఊరి ముసలివాళ్ళంతా పెళ్ళికి వచ్చినట్టు నల్లకోట్లలో వచ్చారు. పాదిరి కూడా వచ్చాడు, భోజనం వేళకు సరిగ్గా. కోజిమో పెళ్ళినాటి కోటు వేసుకున్నాడు. గుండీ పడలేదు. మీరాన్ కొత్త తెల్లచొక్కాలో, నడుముకు ఎర్రపట్టీతో, రాజులా వచ్చి, డాక్టరు సంచి చూడగానే గొర్రెపిల్లలా అరిచాడు.

"ఏడవకురా, నేనున్నాగా," అని కోజిమో వాణ్ణి ఒడిలోకి తీసుకున్నాడు. నేను నా చేత్తోనే తెల్లగుడ్డ అతని మోకాళ్ళ మీద పరిచాను. ఆ గుడ్డ మా ఊరి నుంచి నేను తెచ్చుకున్న ఒకే ఒక మంచిగుడ్డ, మా అమ్మ అంచు కుట్టింది. పరుస్తూ ఒక్కసారి రౌషెన్ కేసి చూశాను. అది గుమ్మంలో నిలబడి, ఊఁ కానీ అన్నట్టు తల ఊపింది.

అయిపోయింది. మీరాన్ అరిచిన అరుపు కన్నా కోజిమో అరుపు పెద్దది. అతని మొహం సున్నం కొట్టినట్టు తెల్లబోతే, ముందు అతనికే నీళ్ళు పట్టారు. ఊరంతా నవ్వింది. గుడ్డ మీద రక్తం చుక్కలు మూడో నాలుగో పడ్డాయి. కోజిమో వాటికేసి చాలాసేపు చూసి, గుడ్డను జాగ్రత్తగా మడిచి, గుండీ పడని కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు.

"కిరీవ్!" అన్నాడు ఖిదిర్.

"కుంపారె!" అన్నాడు కోజిమో.

ఖిదిర్ ముసలివాళ్ళ చేతులు పట్టుకుని మా ఆట మొదలుపెట్టాడు. వరసగా నిలబడి, చిటికెనవేళ్ళు కలుపుకుని, భుజాలు ఊపుతూ వేసే ఆట. ముసలివాళ్ళకు అడుగు కుదరలేదు, అయినా ఎవరూ చేయి వదల్లేదు.

కాఫీ వేళయింది. కిరీవ్ ఇంటివాళ్ళకు మొదటి కప్పు ఇంటి ఆడపిల్ల ఇవ్వాలి, వరస పెట్టి పిలిచి ఇవ్వాలి. అది చేశాకే చుట్టరికం అందరూ చూసినట్టు. నేను పళ్ళెం పట్టుకుని, పోనీ నేనిస్తానులే అన్నాను. రౌషెన్ నా చేతిలోంచి లాక్కుంది. కోజిమోకు ఇచ్చింది, ఇమ్మకొలాతాకు ఇచ్చింది. బ్రూనో గోడ పక్కన నిలబడి ఉన్నాడు. అది మూడో కప్పు వాడి ముందుకు చాపింది.

"కేకో, కాఫీ తీసుకో," అంది మా భాషలో. కేకో అంటే అన్నా అని. తోటలో తనే నేర్పిన మాట.

బ్రూనో కప్పు అందుకున్నాడు. "నీ చేతులు చల్లగుండాలి, చెల్లీ," అన్నాడు. మా భాషలోనే అన్నాడు, ఎక్కడా గొంతు తడబడకుండా. ఎప్పుడు అంత బాగా నేర్చుకున్నాడో తెలియదు. పక్కన ముసలివాళ్ళు చప్పట్లు కొట్టారు. ఖిదిర్ నా భుజం మీద చేయి వేసి, "చూశావా పెరీ, మనవాడైపోయాడు," అన్నాడు. నేను చూశాను.

ఆ తర్వాత కొద్దిరోజులకే కాయ అయిపోయింది. చివరి బుట్టలు గానుగకు చేరాయి. మా వాటా నూనె తెచ్చుకోవడానికి నేను డబ్బా పట్టుకుని వెళ్ళాను. కోజిమో ఒక్కడే ఉన్నాడు. గానుగలోంచి పచ్చటి నూనె సన్నగా కారుతోంది. రొట్టెముక్క దాని కింద పట్టి, తడిపి, నాకు ఇచ్చాడు. కొత్త నూనె గొంతులో మండింది.

అతను నా పక్కన గోనెసంచి మీద కూర్చున్నాడు. రౌషెన్ లేకుండా మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. నాకు అర్థం కావాలని మెల్లగా, ఒక్కో మాటా విడదీసి, చేతులతో చూపిస్తూ చెప్పాడు.

"కిరీవా, ఒక మాట. నీకు చెప్పకపోతే నాకు బరువుగా ఉంటుంది. మా ఆవిడా నేనూ అనుకున్నాం. కాయ అయిపోగానే మీ ఇంటికొద్దామని. మీ రౌషెన్‌ని మా బ్రూనోకి అడుగుదామని."

రొట్టె నా నోట్లోనే ఉండిపోయింది.

"మీ మతం వేరు, మీరేమంటారోనని భయం. ఎలా అడగాలో తెలీక రోజులు జరిపాం. ఈలోపు మీరే వచ్చారు, ఆపిల్ పట్టుకుని." తల ఊపుతూ నవ్వాడు. ఆ నవ్వులో ఏ నిష్ఠూరమూ లేదు. "నాకు అర్థమైంది. మా మనసు కనిపెట్టారు. వద్దని మొహం మీద చెప్తే మేం నొచ్చుకుంటామని, ఇంత పెద్ద గౌరవంలో చుట్టి చెప్పారు. మా వాళ్ళలో ఎవరికీ ఇంత మర్యాద తెలీదు. మా ఆవిడకి అదే చెప్పాను, చూడు, మనుషులంటే వీళ్ళు అని."

కాదనాలని నోరు తెరిచాను. కాదనే మాట కూడా నాకు ఆ భాషలో వచ్చు. కానీ దాని తర్వాత ఏ మాట చెప్పాలి? రక్తం చుక్కలు అతని కోటు జేబులో ఎండిపోయి ఉన్నాయి. చేతులు కాలాక పట్టుకోవడానికి నాకు ఆకులు కూడా మిగల్లేదు.

"బ్రూనో దూరాన టొరీనో పట్నం వెళ్తానంటున్నాడు, మా తమ్ముడి షెడ్డులో పనికి," అన్నాడు కోజిమో లేస్తూ. "కుర్రాడు, కొన్నాళ్ళు పోతే సర్దుకుంటాడు. ఉన్నది ఒక్కడే కదా, అందుకని కొంచెం..." మిగతాది చెప్పకుండా నా డబ్బా నింపి, మూత బిగించి, పొర్లిన నూనెను తన చేతిరుమాలుతో తుడిచి ఇచ్చాడు.

ఈ రెండు చలికాలాల్లో ఆ భాషలో ఒక మనిషి నాతో చెప్పిన మాటలు మొదటి నుంచి చివరిదాకా నాకు అర్థం కావడం అదే మొదలు.

ఇంటికి వచ్చేసరికి రౌషెన్ వాకిట్లో వల మడుస్తోంది. వచ్చే ఏటిదాకా దాచిపెట్టడానికి ఖిదిర్ ఇంటికి తెచ్చిన వల. ఒక కొస కిటికీ ఊచకు కట్టుకుని, రెండోది తను పట్టుకుని, ఊచ దాకా నడిచి, వెనక్కి వచ్చి, మళ్ళీ నడుస్తోంది.

"ఇంత ఆలస్యమేంటమ్మా? కిరీవ్ ఉన్నాడా? ఏమన్నాడు?"

"ఏదో అన్నాడు. నా మొహానికి ఏం అర్థమవుతుంది? ఈ ఏడు నూనె బాగుందన్నాడనుకుంటా."

అది డబ్బా మూత తీసి, వేలు ముంచి నాకింది. "బాగుంది. ఘాటుగా ఉంది," అంది. "నువ్వు వాళ్ళ భాష ఎప్పటికి నేర్చుకుంటావే? నేను ఎల్లకాలం నీ పక్కనే ఉండి చెప్తూ ఉంటానా?"

నేను డబ్బా గుమ్మంలో పెట్టి, ఊచకు కట్టిన కొస విప్పి పట్టుకున్నాను. ఇద్దరం ఎదురెదురుగా నడిచాం. దాని చేతులు వచ్చి నా చేతులకు తగిలినచోట, మడత పెట్టడానికి కాస్త ఆగాలి. ఆగినంతసేపూ నేను తల ఎత్తలేదు.